కోర్డోబా: ఎండకి భయపడి కట్టుకున్న ఊరు

స్పెయిన్‌లోని కోర్డోబా అనగానే చాలామందికి అక్కడి పెద్ద మసీదులోని ఎర్రా తెల్లా చారల కమాన్లు కళ్ళముందు నిలుస్తాయి. కొన్నాళ్ళు ఆ ఊళ్ళో తిరిగినవాళ్ళకి మాత్రం ముందు గుర్తొచ్చేది ఎండ. జులైలో మధ్యాహ్నం మూడింటికి వీధుల్లో కుక్క కూడా కనపడదు. కిటికీ తలుపులన్నీ బిగించి ఉంటాయి, షాపుల షట్టర్లు దించి ఉంటాయి. సున్నం గోడల మీద పడి కొట్టే వెలుగుకి కళ్ళు చికిలించుకోవాల్సిందే. 2021 ఆగస్టులో ఇదే జిల్లాలోని లా రాంబ్లాలో 47.6 డిగ్రీలు నమోదైంది, స్పెయిన్‌లో ఇప్పటిదాకా అదే రికార్డు. రెంటచింతల, రామగుండం వేసవులు చూసిన మనకి ఆ అంకె కొత్తేమీ కాదు. కొత్తగా అనిపించేది ఆ ఊరు ఎండతో వేగే పద్ధతి. మసీదు కప్పు, ఇంటి వాకిలి, సందు వెడల్పు, భోజనం వేళ, ఆఖరికి చల్లటి టమాటా సూపు, అన్నిట్లోనూ అదే లెక్క. అది పట్టుకుంటే ఊరు అర్థమవుతుంది. పట్టుకోకపోతే పొద్దున్న పదకొండింటికి రైలు దిగి, మండుటెండలో మసీదు చూసి, నాలుగింటికి సెవిల్ బండి ఎక్కేసి, "బాగుంది గానీ ఒకటే వేడి" అని చెప్పుకోవడమే మిగులుతుంది.

ఆ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణం రైలే. 1992లో మాడ్రిడ్-సెవిల్ హైస్పీడ్ లైను మొదలయ్యాక కోర్డోబా మధ్య స్టేషన్ అయిపోయింది. మాడ్రిడ్ నుంచి గంటా ముప్పావు, సెవిల్ నుంచి ముప్పావుగంట. దాంతో అందరి దృష్టిలో అది దారిలో ఆగి చూసే ఊరు. అక్కడ కనీసం ఒక రాత్రి ఉండాలి. పగలు పదింటికి కనిపించే కోర్డోబా వేరు, పొద్దున్న ఎనిమిదిన్నరకి, రాత్రి పదింటికి కనిపించేది వేరు. స్టేషన్ నుంచి పాతబస్తీకి నడిచేయొచ్చు. విక్టోరియా తోటల పక్కగా వెళ్ళి అల్మోడోవర్ గేటు దగ్గర గోడ లోపలికి తిరిగితే మసీదుకి పాతిక నిమిషాలు. సూట్‌కేసుంటే మాత్రం టాక్సీ ఎక్కండి. లోపలి సందులన్నీ నది గులకరాళ్ళు పాతిన నేల, చక్రాల పెట్టెకి అంతకన్నా పెద్ద శత్రువు లేదు.

మెస్కీటాకి, అంటే ఆ పెద్ద మసీదుకి, వెళ్ళాల్సిన వేళ ఒక్కటే: ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. అప్పుడు ప్రవేశం ఉచితం, గైడ్లతో వచ్చే గుంపుల్ని రానివ్వరు, మాటలు వినపడవు. తొమ్మిదిన్నర దగ్గరపడితే కావలివాళ్ళు మర్యాదగా బయటికి పంపేస్తారు. డబ్బు మిగులుతుంది కదా అని కాదు ఈ సలహా, ఆ నిశ్శబ్దం కోసం. ఏదైనా పండగో ప్రార్థనో ఉంటే ఈ వేళ రద్దవుతుంది, కాబట్టి ముందురోజు అధికారిక సైట్లో క్యాలెండర్ చూసుకోవాలి. నింపాదిగా చూడాలంటే మళ్ళీ టికెట్ కొనుక్కుని సాయంత్రం వెళ్ళొచ్చు. మగవాళ్ళు లోపల టోపీ తీసేయాలి. ఇది ఇప్పుడు కెథెడ్రల్ కాబట్టి ఆ మర్యాద చర్చిది.

లోపలికి అడుగుపెట్టగానే స్తంభాల అడవి అంటారు అందరూ. సరేలే గానీ, ఆ అడవి ఎందుకలా ఉందో తెలిస్తే చూపు మారుతుంది. డమాస్కస్ నుంచి ఏలిన తన వంశాన్ని ఊచకోత కోస్తే తప్పించుకుని వచ్చిన మొదటి అబ్దుర్ రహ్మాన్ 785 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాడు. కొత్తగా స్తంభాలు చెక్కించే తీరిక లేదు. చుట్టుపక్కల రోమన్ కట్టడాల్లోంచి, పాత చర్చిల్లోంచి దొరికినవి తెచ్చి నిలబెట్టారు. ఒక్కోటి ఒక్కో రాయి, ఒక్కో పొడుగు. పొడుగు ఎక్కువైనదాన్ని నేలలో కాస్త దించారు, తక్కువైనదాని కింద దిమ్మ పెట్టారు. అయినా ఆ స్తంభాలు పొట్టివే. వాటి మీద నేరుగా కప్పు వేస్తే అంత విశాలమైన హాలులో గాలి ఆడదు, ఉక్కపోసి చస్తారు. అందుకని కమాను మీద కమాను కట్టారు. కింద గుర్రపు లాడం ఆకారంది స్తంభాల్ని ఒకదానికొకటి బిగించి పట్టుకోవడానికి, పైన అర్ధచంద్రాకారంది కప్పు బరువు మోయడానికి. కింది కమాను పైన ఖాళీ వదిలేశారు, వెలుగూ గాలీ అందులోంచి పారతాయి. పై కమాను కింది కమానుకన్నా మందం. ఆ మందపు గోడ నెత్తిన వాననీళ్ళు పోయే కాలవ ఉంది. ఒక్కో వరసకీ రెండువైపులా వాలుగా పెంకుల కప్పు ఉంటుంది, రెండు కప్పుల నీళ్ళూ మధ్య కాలవలోకి చేరి బయటికి పోతాయి. కింద నిలబడి చూసే అందమంతా పైన నీళ్ళు పారడానికి చేసిన ఏర్పాటు మీద ఆధారపడిందన్నమాట. రెండంతస్తుల కమాన్ల ఆలోచనకి మెరీదాలోని రోమన్ కాలువ వంతెన ప్రేరణ అని చాలామంది పండితులు అంటారు. ఎర్రది ఇటుక, తెల్లది రాయి, రెండూ మార్చి మార్చి పేర్చారు.

తర్వాత రాజులు ఒక్కొక్కరూ దక్షిణానికి, నది వైపుకి, పెంచుకుంటూ పోయారు. తొమ్మిదో శతాబ్దంలో రెండో అబ్దుర్ రహ్మాన్, పదో శతాబ్దంలో రెండో హకమ్. ఎవరి భాగంలో నిలబడ్డామో కాళ్ళ దగ్గర చూస్తే తెలుస్తుంది. మొదటి భాగంలో స్తంభాలకి రకరకాల పీటలున్నాయి. తర్వాతి భాగాల్లో పీటలు కనపడవు, స్తంభం నేరుగా నేలలోంచి లేచినట్టుంటుంది. హకమ్ కాలానికి డబ్బుకి కొదవ లేదు, స్తంభాలు కొత్తగా చెక్కించారు. ఒకటి గులాబి రంగు, ఒకటి నల్లటి నీలం, వరసగా మార్చి మార్చి నిలబెట్టారు.

ఆఖర్న 987లో, రాజు పేరిట పెత్తనమంతా నడిపిన మంత్రి అల్మన్సూర్ వచ్చాడు. దక్షిణాన నది అడ్డం, పడమట రాజభవనం అడ్డం, కాబట్టి తూర్పుకి ఎనిమిది వరసలు కలిపాడు. పదకొండు వరసలు పంతొమ్మిదయ్యాయి. దాంతో మధ్యలో ఉండాల్సిన మిహ్రాబ్, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు, ఒక పక్కకి పోయింది, ఇప్పుడు చూసినా ఆ ఒంటిపక్కతనం తెలుస్తుంది. ఈ భాగంలో కమాన్ల దగ్గరికి వెళ్ళి పరికించి చూడండి. ఇక్కడ ఇటుక లేదు, అంతా రాయే, ఎర్ర రంగు పూశారంతే. కొన్నిచోట్ల ఆ రంగు వెలిసి కింద రాయి బయటపడింది. పని తొందరగా తెమలాలి, చూపుకి పాతదానితో కలవాలి. ఏ కాలపు కాంట్రాక్టరైనా చేసే పనే. రాళ్ళు చెక్కినవాళ్ళు మాత్రం స్తంభాల మీద తమ పేర్లూ గుర్తులూ చెక్కుకున్నారు. వాటి అచ్చుల్ని తీసి లోపలే ప్రదర్శనకి పెట్టారు, కానీ నడుము ఎత్తులో స్తంభాల మీద అసలువే వెతికి పట్టుకోవడంలో ఉన్న సరదా వేరు. ఇదే అల్మన్సూర్ 997లో సాంతియాగో మీద దండెత్తి అక్కడి చర్చి గంటలు మోయించుకొచ్చి ఇక్కడ దీపపు గుండిగలుగా వేలాడదీశాడనీ, 1236లో కోర్డోబా గెలిచిన క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో వాటిని తిరిగి సాంతియాగోకి పంపాడనీ చరిత్రకారులు రాశారు. ఆ గంటలు రానూపోనూ వెయ్యి మైళ్ళు దాటి తిరిగుంటాయి.

మిహ్రాబ్ ముందు కటకటాలుంటాయి, దగ్గరికి పోలేం. మామూలుగా మిహ్రాబ్ అంటే గోడలో గూడు. ఇది ఎనిమిది పలకల చిన్న గది, దాని కప్పు శంఖం లోపలి గీతల్లా చెక్కి ఉంటుంది. దాని ముందున్న గోపురం కింద నిలబడి తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి. ఎనిమిది పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ నక్షత్రంలా అల్లుకుని, నట్టనడుమ ఖాళీ వదిలేసి గోపురాన్ని మోస్తాయి. బంగారు మొజాయిక్ కోసం హకమ్ బైజాంటైన్ చక్రవర్తిని అడిగితే అతను పనివాణ్ణీ, గాజు బిళ్ళల బస్తాల్నీ పంపాడు. ఫోటో తీసేవాళ్ళకి ఒక మాట: ఫ్లాష్ వేస్తే బంగారం చచ్చిపోయి పసుపు మచ్చ మిగులుతుంది. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని కటకటాల ఊచకి ఆనించి పట్టుకుని తీస్తే పక్కనుంచి పడే వెలుగుకి బిళ్ళలు విడివిడిగా మెరుస్తాయి. ఇంకో సంగతి, ఈ మిహ్రాబ్ మక్కా వైపు లేదు, దాదాపు దక్షిణానికి తిరిగి ఉంది. ఎందుకనేది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

నట్టనడుమ కెథెడ్రల్ ఉంది. 1523లో బిషప్ అలోన్సో మన్రీకే మొదలుపెడితే ఊరి పాలకమండలి ఎదురు తిరిగింది. మసీదు మీద చెయ్యి వేసిన పనివాడికి మరణశిక్ష అని చాటింపు వేయించింది. బిషప్పేమో ఆ పెద్దల్ని వెలివేశాడు. పంచాయితీ చక్రవర్తి ఐదో కార్లోస్ దాకా పోయింది, ఆయన చర్చి వైపే మొగ్గాడు. తర్వాత చూసి బాధపడ్డాడని ఒక కథ ప్రతి గైడూ చెబుతాడు. గ్రనడాలో ముస్లిం రాజుల కోట అల్హంబ్రా గుండెల్లో తన సొంత పాలెస్ దిగేసిన మనిషి ఇంకొకరి కట్టడాన్ని చూసి అంత బాధపడ్డాడంటే నమ్మబుద్ధి కాదు. ఎర్నాన్ రూయిస్ అనే ఒకే పేరున్న శిల్పులు మూడు తరాలు పనిచేసినా అది 1607కి గానీ పూర్తి కాలేదు. చీకటి కమాన్ల కిందనుంచి నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆకాశమంత ఎత్తు, తెల్లటి వెలుగు మీద పడుతుంది. కొందరికి కోపం వస్తుంది, కొందరికి నచ్చుతుంది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి: దాన్ని చర్చిగా వాడుకోబట్టే మిగతాది నిలబడింది. కోర్డోబాలో ఆ కాలపు మిగతా మసీదులేమయ్యాయో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పెద్రో దూకే కోర్నెహో పద్దెనిమిదో శతాబ్దంలో మహాగని చెక్కతో చేసిన కోరస్ ఆసనాల్ని తప్పకుండా చూడాలి. కుర్చీ చేతుల మీద, వీపుల మీద చెక్కిన మొహాలు ఒకదానిలా ఒకటి ఉండవు.

2025 ఆగస్టు 8 రాత్రి ఇక్కడ మంటలు లేచాయని వార్త వచ్చినప్పుడు ఆ ఊరిని ఎరిగినవాళ్ళెవరూ నిద్రపోలేదు. అల్మన్సూర్ భాగం అంచున ఒక చిన్న చాపెల్‌లో మొదలైంది, అందులో సామాన్లు పెట్టుకునేవాళ్ళు. దాని కప్పు కూలింది గానీ ఫైర్ సిబ్బంది మంట పాకకుండా ఆపారు. మర్నాడే తలుపులు తెరిచారు.

బయట నారింజ చెట్ల ముంగిట్లో టికెట్ లేకుండానే కూర్చోవచ్చు. అక్కడ చాలామంది ఫోటో తీసుకుని పోతారు, కాళ్ళ కింద చూడరు. చెట్టు నుంచి చెట్టుకి రాతి కాలవలు తవ్వి ఉన్నాయి. ఒక పాదు నిండాక నీళ్ళు పక్క పాదుకి మళ్ళుతాయి. చెట్ల వరసలు లోపలి స్తంభాల వరసలకి సూటిగా ఉంటాయి. ఒకప్పుడు ముంగిలి వైపు కమాన్లన్నీ తెరిచే ఉండేవి, చెట్ల వరసే లోపల స్తంభాల వరసగా సాగేది. చర్చి అయ్యాక చాలావాటిని మూసేశారు, అందుకే లోపల ఇప్పుడంత చీకటి. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో పూత వస్తుంది, వాసన నదిదాకా కొడుతుంది. కాయలు మాత్రం నోట పెట్టకండి. అవి చేదు నారింజలు, మార్మలేడ్‌కి తప్ప పనికిరావు. కోసి కొరికి మొహం చిట్లించే టూరిస్టు ప్రతి రోజూ ఒకడైనా కనిపిస్తాడు.

గంటల స్తంభం ఎక్కడానికి వేరే టికెట్, అరగంటకో చిన్న బృందం. పదో శతాబ్దపు మినార్ ఇప్పటికీ దాని కడుపులోనే ఉంది. 1589లో తుపాను దెబ్బకి మినార్ పగిలితే దాన్ని కూల్చకుండా చుట్టూ కొత్త గోడ తొడిగేశారు. మొత్తం ఎత్తు 54 మీటర్లు. ఎండెక్కాక మెట్లెక్కడం అనవసరపు శిక్ష, ఉదయపు మొదటి బృందంలోనే పొండి. పైనుంచి చూస్తేనే ఇందాక చెప్పిన పెంకుల వరసలూ, మధ్య కాలవలూ, వాటన్నిటినీ చీల్చుకుని లేచిన కెథెడ్రల్ వీపూ కనిపిస్తాయి.

యూదుల వాడలో సినగాగ్ చాలా చిన్నది. ప్రార్థన గది ఏడు మీటర్లకి ఏడు మీటర్లు కూడా లేదు. 1315 నాటిది. మధ్యయుగపు సినగాగ్‌లు స్పెయిన్‌లో బాగా నిలిచినవి కొద్దే, ఇది కాక టొలేడోలో రెండు ఉన్నాయి. 1492లో యూదుల్ని దేశంలోంచి వెళ్ళగొట్టాక దీన్ని కుక్కకాటు రోగుల ఆసుపత్రి చేశారు, తర్వాత చెప్పులు కుట్టేవాళ్ళ సంఘానికి ఇచ్చారు. 1884లో గోడ గచ్చు పెచ్చులూడితే లోపల హీబ్రూ అక్షరాలు బయటపడ్డాయి. పక్క చౌకులో ఈ ఊళ్ళో పుట్టిన యూదు తత్వవేత్త మైమోనిడెస్ కంచు విగ్రహం ఉంది, చెప్పు వేళ్ళ దగ్గర జనం రుద్ది రుద్ది బంగారంలా మెరుస్తుంటుంది. సోమవారం సినగాగ్ మూసేస్తారు. సోమవారం కోర్డోబాకి వెళ్ళడమే తెలివితక్కువ పని. ఊరి బయటి శిథిల రాజధాని మదీనా అజారా, నది ఒడ్డున రాజుల కోట అల్కాసర్ కూడా ఆ రోజు మూసే ఉంటాయి.

ఇక పాటియోలు. మండువా లోగిలి తెలిసినవాళ్ళకి వీటి గురించి సగం చెప్పక్కర్లేదు. ఇంటి మధ్య ఆకాశానికి తెరుచుకున్న వాకిలి, చుట్టూ గదులు, మూల ఒక బావి. మిగతా సగం మొక్కలు. గోడలకి ఏటేటా సున్నం వేస్తారు, వెలుగు తిప్పికొట్టడానికి. కుండీలకి చాలా ఇళ్ళలో నీలం రంగు. వీధి గుమ్మం నుంచి వాకిలికి తిన్నగా దారి ఉండదు, మధ్యలో చిన్న సావడి, దానికి ఇనప జాలీ తలుపు. వేసవిలో మధ్యాహ్నం పైన గుడ్డ పందిరి లాగేస్తారు, పొద్దుగూకాక తీసేస్తారు. రాత్రి చల్లగాలి బరువుగా కిందికి దిగి వాకిట్లో నిలిచిపోతుంది, మర్నాడు మధ్యాహ్నం దాకా అదే కాపాడుతుంది. సాయంత్రం రాతినేల మీద నీళ్ళు చల్లితే ఆవిరవుతూ ఇంకో నాలుగు డిగ్రీలు లాక్కుపోయినట్టే ఉంటుంది.

గోడ మీద రెండో అంతస్తుదాకా వేలాడే కుండీలకి నీళ్ళు పోయడం ఒక విద్య. పొడుగాటి వెదురు లాంటి రెల్లుకర్ర చివర ఖాళీ డబ్బా బిగిస్తారు. బకెట్లో ముంచి, పైకెత్తి, మణికట్టు చిన్నగా తిప్పితే నీళ్ళు కుండీలో పడతాయి. గట్టిగా తిప్పితే కింద నిలబడ్డవాడి నెత్తిన పడతాయి. మూడొందల కుండీలంటే ఎండాకాలంలో పొద్దునా సాయంత్రం గంటల తరబడి అదే పని. పైపుతో కొట్టొచ్చు కదా అనిపిస్తుంది. పైపు జోరుకి మట్టి కొట్టుకుపోతుంది, పూరేకులు రాలతాయి, సున్నం గోడకి బురద చిమ్ముతుంది. ఆ కర్ర పట్టుకున్న ఆడమనిషి కంచు విగ్రహం కూడా ఊళ్ళో పెట్టారు, న్యాయంగానే ఉంది.

గోడ కుండీల్లో ఎక్కువగా ఉండేవి జెరేనియంలు, వాటిలోనూ కిందికి జారే రకం. వీటికి రెండు జబ్బులు. మొదటిది యజమాని ప్రేమ, అంటే ఎక్కువ నీళ్ళు. కాండం మొదట్లో మెత్తబడి నల్లగా అయిపోతే ఇక దక్కదు. రెండోది ఒక చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక. దక్షిణాఫ్రికా నుంచి మొక్కలతోపాటు వచ్చి, 1990 ప్రాంతంలో బలేరిక్ దీవుల్లో కనపడి, అక్కణ్ణుంచి స్పెయిన్ అంతా పాకింది. మొగ్గ మీద గుడ్డు పెడుతుంది, పురుగు కాండంలోకి తొలుచుకుపోతుంది. బయటికి గుండ్రటి చిన్న కన్నం, కాండం లోపల డొల్ల. కనపడిన కొమ్మని కన్నం కిందికి కత్తిరించి సంచిలో కట్టి పారేయాలి, ఎరువుగుంటలో వేస్తే మళ్ళీ వస్తుంది. మేలో మనం చూసే పూల గోడకి పని అంతకుముందు శరదృతువులోనే మొదలవుతుంది: పాత కొమ్మలు కోయడం, కొత్త కొమ్మలు నాటడం, మట్టి మార్చడం.

పాటియోల పోటీ 1921 నుంచి ఉంది, మే మొదటి రెండు వారాలు. ప్రవేశం ఉచితం, పొద్దున్న పదకొండు నుంచి రెండింటిదాకా, సాయంత్రం ఆరు నుంచి పదింటిదాకా తెరుస్తారు. మధ్యలో ఇంటివాళ్ళు భోంచేయాలి కదా. 2012లో యునెస్కో జాబితాకి ఎక్కిన తర్వాత రద్దీ పెరిగింది. అంతకుముందు తలుపు తోసుకుని వెళితే పెద్దావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి ఏ మొక్క ఎవరిచ్చారో చెప్పేది. ఇప్పుడు శనివారం సాయంత్రం సాన్ బాసీలియో పేటలో ఇంటిముందు గంట క్యూ. మంగళ, బుధవారాల్లో వెళ్ళండి. అందరూ సాన్ బాసీలియోకే పోతారు కాబట్టి ముందు సాంతా మరీనా, సాన్ లొరెంజో వైపు మొదలుపెట్టండి. ఆ ఇళ్ళు మ్యూజియంలు కావు, లోపల మనుషులుంటారు. కిటికీలోకి తొంగిచూడకూడదు, పువ్వు తెంపకూడదు. మే కుదరకపోతే వియానా పాలెస్ ఉంది, పన్నెండు పాటియోలు ఒకే ఇంట్లో. అక్కడ అందం ఉంది గానీ, ఆరబెట్టిన బట్టలూ వంటింట్లో కుక్కర్ చప్పుడూ లేవు.

రోమన్ వంతెనకి పొద్దుగూకాక వెళ్ళాలి. పదహారు కమాన్లు, వాటిలో అసలు రోమన్ రాళ్ళు మిగిలింది కొద్దిగానే, శతాబ్దాలుగా కట్టి కట్టి పెట్టినదే. 1953లో ఇంకో వంతెన వచ్చేదాకా ఊరికి నది దాటే దారి ఇదొక్కటే. 2004 దాకా దీని మీద కార్లూ బస్సులూ నడిచేవి. పక్కకి ఒదిగి, హారన్ విని గోడకి అతుక్కుని, పొగ పీల్చుకుంటూ దాటాల్సి వచ్చేది. దాన్ని తల్చుకుంటే ఇప్పటి తీరు హాయి. కాకపోతే 2008కి పూర్తయిన మరమ్మతులో నేలకి పరిచిన కొత్త రాయి మరీ నున్నగా, కొత్త మార్కెట్ యార్డులా ఉందని గొణిగే పాతవాళ్ళున్నారు, వాళ్ళతో వాదించడం కష్టం. వంతెన పక్క లంకల్లో కొంగలు వందల్లో వాలతాయి. ఒడ్డున అల్బోలాఫియా నీటిచక్రం ఉంది. ఇసబెల్లా రాణికి దాని కిర్రుకిర్రు చప్పుడుకి నిద్రపట్టక తీయించేసిందని చెబుతారు. అల్కాసర్ నుంచి ఆ దూరం చూస్తే నమ్మొచ్చు. 1486లో కొలంబస్ తన పడమటి సముద్రయానం సంగతి విన్నవించుకున్నది ఆ అల్కాసర్‌లోనే అంటారు.

మదీనా అజారాకి సగం రోజు తీసి పెట్టుకోండి. ఊరికి పడమట ఎనిమిది కిలోమీటర్లు. మూడో అబ్దుర్ రహ్మాన్ 936లో మొదలుపెట్టిన రాజధాని, ఎనభై ఏళ్ళు తిరక్కుండానే అంతర్యుద్ధంలో తగలబడింది. తర్వాత తొమ్మిది శతాబ్దాలు అది రాళ్ళ గనే. ఎవరికి కావల్సింది వాళ్ళు మోసుకుపోయారు. 1911లో తవ్వకాలు మొదలయ్యాయి, ఇప్పటికీ బయటపడింది పదో వంతే. ఒకప్పుడు కారు తిన్నగా శిథిలాల దాకా పోయేది. 2009లో కింద మ్యూజియం కట్టాక అక్కడ దిగి, సినిమా చూసి, షటిల్ బస్సులో పైకి వెళ్ళాలి. ఆ సినిమా దాటేయకండి. అది చూడకపోతే పైన కనపడేది మోకాలెత్తు గోడలే. పైన చెట్టు నీడ దాదాపు లేదు, టోపీ, లీటరు నీళ్ళు లేకుండా బస్సెక్కొద్దు. మొదటి బస్సు, లేదా వేసవిలో సాయంత్రపు వేళలుంటే అవి. పై మెట్టు మీద నిలబడి కిందికి చూడండి. మిగతా గోడలన్నీ ఒక దిక్కుకి ఉంటే, మసీదు ఒక్కటే ఏటవాలుగా తిరిగి ఉంటుంది. ఊళ్ళో మెస్కీటాకి తప్పిన మక్కా దిక్కు ఇక్కడ దాదాపు సరిగా కుదిరింది. అందరూ చూడాలనుకునే సలోన్ రీకో దర్బారు హాలుని 2009 నుంచి చాలా ఏళ్ళు మరమ్మతుకి మూసి ఉంచారు. తెరిచారో లేదో ముందే చూసుకోండి.

తిండి. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిదికి. నాలుగు తర్వాత ఎనిమిదిన్నర దాకా వంటిళ్ళు మూసేస్తారు. ఏడింటికే ఆకలేసే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలియక బర్గర్ తిని పడుకున్న సందర్భాలు కోకొల్లలు. శాకాహారులకి స్పెయిన్ కష్టమంటారు గానీ కోర్డోబాలో గడిచిపోతుంది. వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, పిండి అద్ది, ఆలివ్ నూనెలో కరకరలాడేలా వేయించి, పైన చెరకు పానకం పోసిస్తారు. నానబెట్టకపోతే వంకాయ నూనె తాగేస్తుంది, చల్లారాక మెత్తబడుతుంది. కాబట్టి పళ్ళెం రాగానే తినేయాలి. బాదంపప్పు, రొట్టె, వెల్లుల్లి, నూనె, వెనిగర్ కలిపి రుబ్బిన తెల్లటి మాసామోర్రా ఉంటుంది, టమాటా అమెరికా నుంచి రాకముందు సంగతి అది. జాగ్రత్తపడాల్సింది, కూరగాయల వంటకం అని రాసి ఉన్నదాంట్లో కూడా పంది మాంసం తురుము చల్లుతారు. "సిన్ హమోన్, సిన్ ఉయెవో" అని ముందే చెప్పాలి, పంది మాంసం వద్దు, గుడ్డు వద్దు అని.

మొదట్లో చెప్పిన చల్లటి టమాటా సూపు, సాల్మొరేహో, మాత్రం ఇంటికి తెచ్చుకోగలిగిన కోర్డోబా. అక్కడివాళ్ళు ప్రామాణికంగా చెప్పుకునే కొలత ఇదీ: బాగా పండిన టమాటాలు కిలో, తెలేరా అనే అక్కడి రొట్టె 200 గ్రాములు, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె 100 గ్రాములు, వెల్లుల్లి ఒక్క రెబ్బ, ఉప్పు 10 గ్రాములు. టమాటాలు మిక్సీ పట్టి వడకట్టాలి, తొక్కా గింజా పోతాయి. ఆ రసంలో రొట్టె ముక్కలు వేసి పది నిమిషాలు వదిలేయాలి. వెల్లుల్లి, ఉప్పు వేసి మళ్ళీ తిప్పాలి. మిక్సీ తిరుగుతుండగానే నూనె సన్నటి ధారగా పోయాలి. ఎరుపు నారింజ రంగుకి తిరిగి, గరిటె జారుగా చిక్కబడితే కుదిరినట్టు. నూనె ఒక్కసారిగా పోస్తే విడిపోయి పైన తేలుతుంది. చిక్కగా ఉందని నీళ్ళు పోస్తే అది గజ్‌పాచో అనే పల్చటి సూపు అయిపోతుంది. రెండో వెల్లుల్లి రెబ్బ వేస్తే రాత్రికల్లా వెల్లుల్లి తప్ప ఇంకేదీ తెలియదు. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి, చల్లటిదే తినాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేస్తే రెండు చిక్కులు. మన బేకరీ బ్రెడ్‌లో పంచదార ఉంటుంది, సూపు తియ్యగా తగలడుతుంది. ఉప్పు రొట్టె, లేదా పంచదార వేయని గట్టి గుండు బ్రెడ్ ఒకరోజు నిలవది వాడండి. హైబ్రిడ్ టమాటాకి రసం తక్కువ, రుచి తక్కువ. నాటు టమాటా బాగా ఎర్రబడినవి తెస్తే పులుపు ఎక్కువవుతుంది గానీ రంగూ వాసనా వస్తాయి. ఆ పులుపుకి పంచదార చిటికెడు వేసినా అక్కడివాళ్ళు ఒప్పుకోరు, ఇంకాస్త రొట్టె వేయమంటారు.